పదహారు టన్నుల బొగ్గు వ్యాగన్: ఒక ఇత్తడి ఎచ్చింగ్ కిట్‌పై సమీక్ష

బ్రిటిష్ రైల్వేస్ నడిపిన పదహారు టన్నుల ఉక్కు బొగ్గు వ్యాగన్‌ను, అసలు బండిలోని ఒక్కో అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున, అంటే 1:76.2 నిష్పత్తిలో, ఇత్తడి రేకులతో మనమే కట్టుకోవడానికి వీలుగా ఇంగ్లండులో ఒక్కరే నడిపే చిన్న సంస్థ ఒకటి ఈ కిట్‌ను తయారు చేస్తోంది. తిరుపతికి తెప్పించుకుని, కట్టి, రంగు వేసి, తుప్పు పట్టిన బండిగా మార్చడం పూర్తయిన తరువాతనే దీని గురించి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులో పెట్టె భాగం, అంటే బొగ్గు నింపే తొట్టి, చాలా గొప్పగా ఉంది. బ్రేకు సామాను ఓపికకు పరీక్ష పెడుతుంది. సూచనల కాగితం ఏ మాత్రం చాలదు. అయినప్పటికీ, ఏళ్ల తరబడి బొగ్గు మోసి అలసిన ఉక్కు వ్యాగన్‌ను ఉన్నదున్నట్టుగా చూపించాలని కోరుకునేవారికి నేను నిస్సంకోచంగా దీనినే సూచిస్తాను. వెదరింగ్ అంటే, అంటే నమూనాను ఎండవానలకు పాతబడినట్టు చూపించడం అంటే, రంగుల పని అని మనలో చాలామంది అనుకుంటాం. ఈ కిట్ కడుతున్నప్పుడు మాత్రం ఆ పని రేకును మొదటిసారి వంచినప్పుడే మొదలవుతుందని స్పష్టంగా అర్థమవుతుంది.

అసలు బండి గురించి కొంత తెలియకపోతే ఈ కిట్ విలువ తెలియదు. బ్రిటన్‌లో బొగ్గు చాలాకాలం ప్రైవేటు యజమానుల చెక్క వ్యాగన్లలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాటి స్థానంలోకి ఉక్కు వ్యాగన్లు రావడం మొదలైంది. 1948లో రైల్వేలు జాతీయం అయిన తరువాత బ్రిటిష్ రైల్వేస్ ఈ పదహారు టన్నుల రకాన్ని రెండు లక్షలకు పైగా కట్టించింది. వీటికి నాలుగే చక్రాలు, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు, చట్రం కొసల్లో ఉండే హెడ్‌స్టాక్‌లు అనే అడ్డదూలాలతో కలిపి పొడవు 16 అడుగుల 6 అంగుళాలు. నమూనాలో ఇవి సరిగ్గా 36, 66 మిల్లీమీటర్లు అవుతాయి కనుక పూర్తయిన బండి అరచేతిలో ఇమిడిపోతుంది. పక్కలకు తలుపులు ఉండటమే కాక, ఒక కొసన పైభాగంలో కీలు ఉన్న తలుపు కూడా ఉండేది. రేవుల్లో వ్యాగన్‌ను ఒకవైపు ఎత్తి, ఆ తలుపు గుండా బొగ్గంతా ఒక్కసారిగా దిమ్మరించేవారు. ఆ తలుపు ఏ కొసన ఉందో దూరం నుంచే పనివారికి తెలియడానికి పక్కలపై ఏటవాలుగా తెల్లటి చార వేసేవారు. ఇంజను నుంచి పనిచేసే వాక్యూమ్ బ్రేకు లేని వ్యాగన్లకు బూడిద రంగు, ఉన్నవాటికి బాక్సైట్ అని పిలిచే ఎర్రగోధుమ రంగు వేసేవారు. గనులు మూతబడి, అడుగు నుంచి బొగ్గు దిమ్మరించే పెద్ద హాపర్ వ్యాగన్లు వచ్చాక ఇవి తగ్గిపోతూ వచ్చినా, 1980ల దాకా పట్టాల మీద కనిపించాయి. చివరి రోజుల్లో వాటికి సరైన సంరక్షణ ఉండేది కాదు. రంగు ఊడిపోయి, రేకులు ఉబ్బి, పైఅంచులు వంకరలు తిరిగి, అక్కడక్కడ కొత్త రేకు అతుకులతో నడిచేవి. నమూనాలు కట్టేవారు ఈ వ్యాగన్‌ను అంతగా ఇష్టపడడానికి కారణం ఆ చివరి రోజుల రూపమే.

ప్యాకెట్‌లో రెండు ఎచ్చింగ్ రేకులు, అంటే రసాయనంతో ముక్కల ఆకారాలు తొలిచిన రేకులు, ఉన్నాయి. పెట్టెకు పావు మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు, కింది చట్రానికి కొంచెం మందమైన జర్మన్ సిల్వర్ రేకు ఇచ్చారు. జర్మన్ సిల్వర్‌లో రాగి, జింకు, నికెల్ ఉంటాయి, వెండి ఉండదు. మన పూజాసామాను దుకాణాల్లో పళ్లేలుగా, కుందులుగా ఈ లోహాన్ని అందరూ చూసే ఉంటారు. బఫర్లు, ఇరుసు పెట్టెలు పోతపోసిన ఇత్తడితో వచ్చాయి. చక్రాలు, బేరింగులు, గొలుసు కప్లింగులు, బండి మీద అక్షరాలు అతికించే డెకాల్స్ విడిగా కొనుక్కోవాలి. ఈ సంగతి అమ్మకపు వివరణలో ఒక మూలన చిన్నగా రాసి ఉంది కానీ, కొత్తవారికి అది కంటపడే చోట లేదు. మన దేశం నుంచి తెప్పించుకునేవారు ఈ విషయాన్ని మరింత గట్టిగా గుర్తుంచుకోవాలి. బొమ్మలపైనా, కుదించిన నమూనాలపైనా కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దానికి పన్నులు, తపాలా ఖర్చు కలిపితే చేతికి వచ్చేసరికి ధర దాదాపు రెట్టింపు అవుతుంది. చక్రాలు మరిచిపోయి మరో పార్శిల్ తెప్పించుకుంటే ఆ భారమంతా మళ్లీ మోయాలి.

ఎచ్చింగ్ నాణ్యత విషయంలో తయారీదారుకు పూర్తి మార్కులు ఇవ్వాలి. ఈ రేకులు ఎలా తయారవుతాయో తెలిస్తే ఆ మాట ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. రేకుకు రెండు వైపులా కాంతికి స్పందించే పొర పూసి, గీసిన చిత్రం గుండా అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి, రక్షణ పొర లేని చోట ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో లోహాన్ని తినిపిస్తారు. రెండు వైపుల నుంచీ తిన్న చోట రంధ్రం పడుతుంది, ఒక్కవైపే తిన్న చోట సగం లోతు గాడి మిగులుతుంది. ఆ గాడులే మడత గీతలు, తలుపు కీళ్ల ఆకారాలు, వెనక నుంచి సూదితో నొక్కితే ముందుకు పొడుచుకువచ్చే రివెట్ చుక్కలు. ద్రావణంలో రేకు కాస్త ఎక్కువసేపు ఉన్నా సన్నటి భాగాలు అరిగిపోతాయి, తక్కువసేపు ఉన్నా రంధ్రాలు పూర్తిగా తెరుచుకోవు. ఈ కిట్‌లో ఆ సమతూకం చక్కగా కుదిరింది. మడత గీతలు అన్నీ ఒకే లోతులో ఉన్నాయి, ముక్కలను రేకుకు పట్టి ఉంచే చెవులు సన్నగా, కోయడానికి అందే చోట ఉన్నాయి. ఎచ్చింగ్ ముక్కలన్నింటికీ ఉన్నట్టే వీటికీ అంచు మధ్యలో సన్నటి గట్టు మిగులుతుంది, దాన్ని ఆకురాయితో అరగదీయక తప్పదు. పక్క రేకుల పైఅంచున ఆ గట్టును వదిలేస్తే రంగు వేశాక తెల్లటి గీతలా పట్టి చూపిస్తుంది.

ఇక పెట్టె దగ్గరకు వద్దాం. ఈ కిట్‌లో నాకు అన్నింటికన్నా నచ్చినది ఇదే. అడుగు, రెండు పక్కలు, ఒక కొస కలిసి ఒకే రేకుగా ఉంటాయి. మడత గీత లోపలివైపు ఉండేటట్టు రెండు ఉక్కు స్కేళ్ల మధ్య బిగించి వంచితే డబ్బా ఆకారం వస్తుంది. తరువాత లోపలి మూలల్లో సోల్డర్‌ను, అంటే కరిగించి అతికే లోహాన్ని, పలచగా పారించి గట్టిపరచాలి. తలుపులు, నిలువు దన్నులు, మూల పట్టీలు విడి ముక్కలుగా పైన అతకాలి. ప్లాస్టిక్ అచ్చులో పోసిన వ్యాగన్ పక్కలు సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటాయి. దాన్ని అసలు కొలతకు పెంచి చూస్తే మూడు అంగుళాల మందపు గోడ అవుతుంది. ఈ ఇత్తడి రేకు మందం అదే లెక్కన 19 మిల్లీమీటర్లు. అసలు ఉక్కు రేకు ఇంతకంటే చాలా పలచన అన్నది నిజమే అయినా, ఖాళీ వ్యాగన్‌ను పైనుంచి చూసినప్పుడు కన్ను ఈ అంచును రేకుగానే ఒప్పుకుంటుంది, ప్లాస్టిక్ అంచును ఎప్పటికీ ఒప్పుకోదు.

పలచని లోహం వల్ల దీనికంటే పెద్ద లాభం మరొకటి ఉంది. పదహారు టన్నుల బొగ్గు ఏళ్ల తరబడి లోపలి నుంచి తోయడం వల్ల అసలు వ్యాగన్ల పక్కలు నిలువు దన్నుల మధ్య బయటికి ఉబ్బేవి. పైనుంచి బొగ్గు తోడే క్రేను కోరలు తగిలి పైఅంచులు లోపలికి వంగేవి. ఈ కిట్‌లో పక్కలను మడవడానికి ముందే, రేకును మెత్తటి రబ్బరు పలక మీద పెట్టి, గుండ్రటి కడ్డీని లోపలివైపు నుంచి దన్నుల మధ్య మాత్రమే నెమ్మదిగా దొర్లిస్తే ఆ ఉబ్బు సహజంగా వస్తుంది. పైఅంచున వంకరలు తేవడానికి సన్నమూతి పటకారు చాలు. అన్ని గడులూ ఒకే రీతిగా ఉబ్బకుండా, తలుపుకు అటూ ఇటూ ఎక్కువగా, మూలల దగ్గర తక్కువగా ఉబ్బేటట్టు చూసుకోవాలి, ఎందుకంటే మూలల్లో చట్రం రేకును పట్టి ఉంచుతుంది. నునుపైన ప్లాస్టిక్ పెట్టెపై ఎంత నేర్పుగా తుప్పు రంగు వేసినా అది కొత్త బండికి వేసిన వేషంగానే మిగిలిపోవడానికి కారణం ఈ ఆకారం లేకపోవడమే. కిట్‌తో వచ్చిన సూచనల్లో దీని ప్రస్తావన ఒక్క వాక్యం కూడా లేదు. ఇంత చక్కని రేకును ఇచ్చిన మనిషి దాంతో ఏం చేయవచ్చో చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

సోల్డరింగ్ సామాను విషయంలో తిరుపతిలో ఉన్నవారు కొన్ని సర్దుబాట్లు చేసుకోవాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే 60/40 తగరం, సీసం తీగ 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. పెట్టెకు అది చక్కగా సరిపోతుంది. 145 డిగ్రీల దగ్గర కరిగే రకం ఇక్కడ దొరకదు. అది లేనప్పుడు, ముందు అతికిన ముక్క ఊడిపోకుండా దాని మీద తడి దూదిని గాని, అల్యూమినియం క్లిప్పును గాని పెట్టి వేడిని మళ్లించాలి. వేడి అదుపులో పెట్టుకోగలిగే 50 వాట్ల సోల్డరింగ్ ఐరన్ తీసుకుని, వెడల్పాటి మొన వాడితే పని త్వరగా అవుతుంది. సన్నమొన పెట్టి ఎక్కువసేపు ఆనిస్తే వేడి రేకంతా పాకి పలచటి గోడ వంకరపోతుంది. సోల్డర్ పట్టేటట్టు లోహాన్ని శుభ్రపరిచే ఫ్లక్స్ విషయానికి వస్తే, ఇంగ్లండులో ఈ పనికి అందరూ వాడేది పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం. ఆమ్లాన్ని విమానంలో పంపడానికి ఒప్పుకోరు కనుక, ప్రయోగశాల రసాయనాలు అమ్మే చోట కొని పది శాతం వరకు పలచబరుచుకోవడమే మనకున్న దారి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి తప్ప నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. కంటికి అద్దాలు, గాలి ఆడే గది తప్పనిసరి. తీగలోని రోజనంతోనే సరిపెట్టుకోవచ్చని అనేవారు ఉన్నారు. చిన్న అతుకులకు అది చాలుతుంది గాని, రెండు పెద్ద రేకులను ఒకదానిపై ఒకటి అతికేటప్పుడు సోల్డర్‌ను లోపలిదాకా లాగే శక్తి ఆమ్లానికే ఉంది.

కింది చట్రంలో మెచ్చుకోవలసింది ఇరుసుల అమరిక. నాలుగు చక్రాల బండి పూర్తిగా బిగుసుకుపోయి ఉంటే, పట్టాలలో వెంట్రుకవాసి హెచ్చుతగ్గు ఉన్నా ఒక చక్రం గాలిలో తేలి బండి పట్టా తప్పుతుంది. ఈ కిట్‌లో ఒక ఇరుసును స్థిరంగా ఉంచి, రెండో ఇరుసును మధ్యలో ఒక తీగ మీద అటూ ఇటూ ఊగేటట్టు చేశారు. అందువల్ల నాలుగు చక్రాలూ ఎల్లప్పుడూ పట్టాను తాకుతూనే ఉంటాయి. గేజి, అంటే పట్టాల మధ్య దూరం, ఎంపికకు కూడా వీలుంది. 16.5 మిల్లీమీటర్ల ఓఓ పట్టాలకైనా, అసలు 4 అడుగుల 8½ అంగుళాలకు సరితూగే 18.83 మిల్లీమీటర్ల పీ4 పట్టాలకైనా తగిన ముక్కలు ఇచ్చారు. బరువు విషయం మాత్రం ముందుగానే ఆలోచించుకోవాలి. పెట్టె ఖాళీగా కనిపించాలి కనుక లోపల బరువు దాచడానికి చోటు లేదు. అడుగు రేకు కింద, ఇరుసుల మధ్య సన్నటి సీసపు పట్టీలను బ్రేకు సామాను అమర్చక ముందే అతికించుకోవాలి, తరువాత చెయ్యి దూరదు.

బ్రేకు సామాను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు వ్యాగన్‌లో రెండు పక్కలా చేతి మీటలు ఉంటాయి. ఏ పక్క నిలబడ్డవాడికైనా మీట కుడిచేతి వైపునే ఉండాలన్నది అక్కడి నియమం. అయితే అడ్డంగా ఉన్న ఒకే కడ్డీని రెండు పక్కల నుంచీ కిందికి నొక్కితే అది రెండు వ్యతిరేక దిశల్లో తిరగవలసి వస్తుంది. ఈ చిక్కును విప్పేది మోర్టన్ క్లచ్ అనే చిన్న అమరిక. అది ఒక పక్క మీట కదలికను తిరగేసి, ఏ మీట నొక్కినా బ్రేకు పడేటట్టే చేస్తుంది. ఈ కిట్‌లో ఆ క్లచ్‌ను కూడా విడి ముక్కగా చూపించారు. తెలిసి చూసేవారికి అది కన్నులపండువ. చిక్కంతా ముక్కల పరిమాణంతోనే. ఒక్కో బ్రేకు దిమ్మను మూడు పొరలుగా, ఒక్కో మీటను రెండు పొరలుగా అతకాలి. మీట కదలికను హద్దులో ఉంచే రంధ్రాల పట్టీ ఎంత సన్నం అంటే, రేకు నుంచి కోసేటప్పుడే మెలిపడిపోతుంది. కడ్డీ దూరవలసిన రంధ్రాలు కడ్డీ కంటే ఇరుకుగా ఉన్నాయి, ప్రతి రంధ్రాన్నీ రీమరుతో విప్పవలసి వస్తుంది. ఇరుకుగా ఇచ్చి మనచేత విప్పించడం వదులుగా ఇవ్వడం కంటే మేలే. అయితే ఆ సంగతి సూచనల్లో రాయాలి కదా. పట్టా మీద నిలబెట్టి రెండు అడుగుల దూరం నుంచి చూసినప్పుడు కనబడని పొరల కోసం ఇంత శ్రమ పెట్టడం సబబు కాదని నా ఉద్దేశం. దిమ్మలను ఒక్కో పోత ముక్కగా ఇచ్చి ఉంటే బాగుండేది.

సూచనల కాగితంలో బొమ్మలు ఉన్నాయి, వాటిలో అంకెలు ఉన్నాయి. రేకు మీది ముక్కలకు మాత్రం ఆ అంకెలు లేవు. ఏ కాలపు వ్యాగన్‌కు ఏ రకం బ్రేకు ఉండేదో, అడుగు తలుపులు ఉన్నవాటికి ఏ ముక్కలు వదిలేయాలో చెప్పలేదు. బ్రిటిష్ వ్యాగన్ల ఫొటోలు ముందు పెట్టుకోకుండా ఈ కిట్ మొదలుపెట్టడం మంచిది కాదు.

కట్టడం పూర్తయ్యాక కడగడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, దీని మీదనే రంగు ఆయుష్షు ఆధారపడి ఉంది. ఆమ్లపు ఫ్లక్స్ ఏ సందులో మిగిలినా కొన్నాళ్లకు ఇత్తడి పచ్చగా చిలుము పట్టి, రంగును లోపలి నుంచి లేపేస్తుంది. ముందు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో ఆమ్లాన్ని చంపి, తరువాత చింతపండు పులుసుతో మెత్తటి బ్రష్ పెట్టి తోమి, చివరగా శుభ్రమైన వేడినీటితో బాగా కడిగి ఆరబెట్టాను. ఇంట్లో ఇత్తడి కుందులు తోమే పద్ధతే ఇది. చింతపండులోని పులుపు లోహం మీది నల్లటి పొరను తీసేస్తుంది. అయితే ఆ పులుపు కూడా ఆమ్లమే కనుక చివరి కడుగును తగ్గించకూడదు.

ఇత్తడి మీద మామూలు రంగు నిలవదు. లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. దాన్ని విదేశాల నుంచి తెప్పించనవసరం లేదు, కార్లకు రంగులు వేసేవారికి సామాను అమ్మే దుకాణాల్లో వాష్ ప్రైమర్ పేరుతో దొరుకుతుంది. తిన్నర్‌తో బాగా పలచబరిచి ఎయిర్‌బ్రష్‌తో రెండు సన్నటి పూతలు వేస్తే రివెట్ తలలు పూడిపోకుండా నిలుస్తాయి. మన ఊరి వాతావరణం ఈ దశలో ప్రధాన విషయం అవుతుంది. తిరుపతిలో వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ తేమలో లక్క జాతి రంగులు వేస్తే ఉపరితలం పాలిపోయి తెల్లబారుతుంది. మే నెల ఎండల్లో అందుకు విరుద్ధంగా, రంగు బిందువులు లోహాన్ని తాకకముందే గాలిలో ఆరిపోయి గరుకుగా పడతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయాలు ఈ పనికి అనువైనవి. మరో కాలంలో తప్పనిసరి అయితే నెమ్మదిగా ఆరే తిన్నర్ వాడుకోవాలి.

వెదరింగ్‌లో నేను అనుసరించిన క్రమం అసలు బండికి జరిగిన క్రమమే. అడుగున తుప్పు, దాని మీద రంగు, ఆ రంగు ఊడిన చోట మళ్లీ తుప్పు కనబడాలి. అందుకని ప్రైమర్ మీద ముందు ముదురు గోధుమ రంగు వేసి, అది పూర్తిగా ఆరనిచ్చి, అక్కడక్కడ స్పాంజితో నారింజ, ఎరుపు గోధుమ ఛాయలు అద్ది, పైన పారదర్శకమైన లక్క పూత వేసి కింది రంగులు కదలకుండా చేశాను. తరువాత జుట్టుకు వాడే హెయిర్‌స్ప్రే రెండు పలచటి పూతలు, దానిపై నీటితో పలచబడే అక్రిలిక్ బూడిద రంగు. ఆ బూడిద రంగు ఆరిన కొద్దిసేపటికే గోరువెచ్చని నీటితో తడిపి, కురచ వెంట్రుకల బ్రష్‌తో నెమ్మదిగా రుద్దితే, కింద ఉన్న హెయిర్‌స్ప్రే కరిగి రంగు చిన్న చిన్న పెచ్చులుగా ఊడి వస్తుంది. కల్లుప్పు చల్లి రంగు వేసి రాల్చే పద్ధతి కూడా ప్రసిద్ధమైనదే, దానితో మరకల అంచులు మరింత సహజంగా వస్తాయి. అయితే ఇత్తడి బండి మీద నేను దానిని సిఫారసు చేయను. ప్రైమర్‌లో ఎక్కడైనా సన్నటి లోపం ఉంటే ఉప్పు అక్కడి నుంచి లోహాన్ని పట్టుకుంటుంది.

రంగు ఎక్కడ ఊడాలి అన్నదే అసలైన ప్రశ్న. దానికి జవాబు రేణిగుంట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడితే దొరుకుతుంది. అక్కడ ఆగే బొగ్గు వ్యాగన్లను, మంగంపేట ముగ్గురాయి ధూళి మెత్తిన వ్యాగన్లను నింపాదిగా గమనిస్తే, తుప్పు చెల్లాచెదురుగా పట్టదని తెలుస్తుంది. వెల్డింగ్ గీతల వెంట, నిలువు దన్నులు అడుగు చట్రాన్ని కలిసే మూలల్లో, తలుపు కీళ్ల కింద, రేకు ఉబ్బి రంగు పగిలిన చోట అది మొదలవుతుంది. తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనకు నా నమూనాను చూపించినప్పుడు ఆయన దాన్ని తిప్పి చూసి, “పైన ఇంత తుప్పు ఎందుకు నాయనా, నీళ్లు కిందికే కదా దిగేది, ఈ తలుపు అడుగున చూపించు” అన్నారు. ఆయన జీవితమంతా పనిచేసింది ప్రయాణికుల పెట్టెల మీదనే అయినా, ఆ మాట బొగ్గు వ్యాగన్‌కు కూడా అక్షరాలా వర్తిస్తుంది. పైభాగంలో కొంత బూడిద రంగును మళ్లీ పూసి, తలుపు కింది అంచున తుప్పు పెంచిన తరువాత బండి రూపమే మారిపోయింది.

అయితే రేణిగుంటలో నేర్చుకోవలసింది తుప్పు పట్టే చోట్లు, తుప్పు రంగు కాదు. ఇక్కడి వ్యాగన్ల మీద ఎండకు పొడిబారిన ఎర్రటి ధూళి పరచుకుని ఉంటుంది. ఇంగ్లండు గనుల దగ్గరి వ్యాగన్ ఎప్పుడూ తడిగా, బొగ్గు మసితో నల్లబడి ఉండేది. అక్కడి తుప్పు ముదురు గోధుమ వైపు మొగ్గుతుంది, నారింజ ఛాయ కొత్తగా గీరుకున్న చోట మాత్రమే కనిపిస్తుంది. 1960లు, 70ల నాటి రంగుల ఫొటోలను దగ్గర పెట్టుకుని ఛాయలు కలుపుకోవడం తప్ప మరో మార్గం లేదు. పెట్టె లోపలి భాగం బయటి భాగం కంటే భిన్నమైనది. బొగ్గు పడుతూ, జారుతూ ఉండటం వల్ల అక్కడ రంగు మిగలదు, మందపాటి తుప్పు పెచ్చులు కూడా నిలవవు. రాపిడికి నున్నబడిన గోధుమ రంగు మీద మూలల్లో మాత్రం నల్లటి బొగ్గు పొడి పేరుకుని ఉంటుంది. నిజమైన బొగ్గును మెత్తగా నూరి ఆ మూలల్లో అద్దితే ఏ కంపెనీ పౌడరూ ఇవ్వలేని మెరుపు వస్తుంది.

కారిన మరకల కోసం చిత్రకారుల తైలవర్ణాలలోని బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో బాగా పలచబరిచి, ఒక్కో చుక్క పెట్టి, శుభ్రమైన తడి బ్రష్‌తో పైనుంచి కిందికి లాగాను. తైలవర్ణం నెమ్మదిగా ఆరుతుంది కనుక నచ్చకపోతే తుడిచేయడానికి తగినంత వ్యవధి ఉంటుంది. ఇరుసు పెట్టెల దగ్గర కారిన నూనె నల్లగా, కాస్త మెరుస్తూ ఉండాలి. చట్రమంతా బ్రేకు ధూళి వల్ల వచ్చే గోధుమ బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉండాలి. చక్రం పట్టాను తాకే అంచు ఒక్కటే ఉక్కులా మెరవాలి. గొలుసు కప్లింగులకు రంగు వేస్తే లంకెలు అతుక్కుపోతాయి, వాటిని తుపాకుల ఉక్కును నల్లబరిచే ద్రావణంలో ముంచితే చాలు. పాతబడిన వ్యాగన్లలో మరొక ప్రత్యేకత ఉంది. మరమ్మతులో ఒక గడి రేకును పూర్తిగా మార్చినప్పుడు ఆ ఒక్క గడి మాత్రం శుభ్రమైన బూడిద రంగులో, చుట్టుపక్కల తుప్పు మధ్య మెరిసిపోతూ ఉండేది. బండి నంబరు రాసే నల్లటి గడిని మాత్రం తరచూ కొత్తగా దిద్దేవారు. ఈ రెండు శుభ్రమైన చోట్లూ లేకపోతే తుప్పుకు లోతు రాదు.

ఇదే వ్యాగన్ ప్లాస్టిక్ కిట్‌గా, రంగు వేసి సిద్ధంగా ఉన్న నమూనాగా కూడా దొరుకుతుంది. వాటి ధర తక్కువ, శ్రమ తక్కువ. ఇరవై వ్యాగన్ల బండి నడపాలనుకునేవారు వాటినే కొని, ముందు వరుసలో కనిపించే రెండు మూడింటికి మాత్రమే ఈ ఎచ్చింగ్ కిట్ వాడుకోవడం తెలివైన పని. సోల్డరింగ్ ఎన్నడూ చేయనివారు దీనితో మొదలుపెట్టకూడదు. చదునైన రేకులతో వచ్చే చిన్న కిట్ ఏదైనా కట్టి, మడత, అతుకు చేతికి వచ్చాక దీనిని ముట్టుకోవాలి. సోల్డరింగ్ వచ్చినవారికి మాత్రం బ్రేకు సామానులో పడే ఇబ్బంది పెట్టె భాగం ఇచ్చే తృప్తి ముందు తక్కువే అనిపిస్తుంది.

కొనదలచినవారు కిట్‌తో పాటే 12.5 మిల్లీమీటర్ల చక్రాలు, పిన్‌పాయింట్ బేరింగులు, మూడు లంకెల కప్లింగులు, ఒకటి బదులు రెండు డెకాల్ షీట్లు ఒకే పార్శిల్‌లో తెప్పించుకోవాలి. పాతబరిచే క్రమంలో అక్షరాలు కూడా రుద్దుడు తింటాయి కనుక రెండో షీటు అవసరపడుతుంది. దసరాకు ముందు చేతికి అందేటట్టు చూసుకుంటే వానల నెలలన్నీ సోల్డరింగ్‌కు, ఆ తరువాతి పొడి ఉదయాలు రంగులకు సరిపోతాయి.